దేవుడు పరిశుద్ధుడు కాబట్టి నెలసరిలో ఉన్నవారు సంస్కారం తీసుకోకూడదా?

గోదారిగట్టు

అందరికీ వందనాలు. మాది కోనసీమలో ఒక చిన్న సంఘం. నెలలో మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం ఇస్తారు. మొన్న రొట్టె పళ్లెం మా వరుసకు వచ్చినప్పుడు మా చెల్లెలు చెయ్యి చాపబోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ దాని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. అది నెలసరిలో ఉందని ఆవిడకు తెలుసు. "దేవుడు పరిశుద్ధుడమ్మా, ఆయన దగ్గర జాగ్రత్తగా ఉండాలి" అని చెవిలో అన్నారు. పళ్లెం ముందుకు వెళ్లిపోయింది. అంతకు ముందు ఆదివారమే మా దగ్గర, దేవుని సన్నిధికి గుర్తైన మందసం అనే పరిశుద్ధ పెట్టెను ఉజ్జా ముట్టుకుని చనిపోయిన సంగతి మీద ప్రసంగం జరిగింది. అందువల్ల ఆ మాట దాని మనసులో ఇంకా లోతుగా దిగింది.

దానికి పంతొమ్మిదేళ్లు. ఇంటికి వచ్చాక "అక్కా, ఆ ఐదు రోజులూ నేను ప్రార్థన చేస్తే దేవుడు వినడా?" అని అడిగింది.

కాలం మారింది, ఇవన్నీ పాత పద్ధతులు అని చెప్పేయడం తేలికే. నాకు ఆ జవాబు వద్దు. దేవుడు పరిశుద్ధుడని నేను నిజంగా నమ్ముతాను. ఆ పరిశుద్ధతను ఒక్క మెట్టు కూడా కిందికి దించకుండా, వాక్యంలోనుంచి దానికి ఏమి చెప్పాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపాట

వందనాలమ్మా. అందరి మధ్య ఆ పిల్ల చెయ్యి లాగడం తప్పు. అది నేను సమర్థించను. కానీ ఆ పెద్దావిడ భయాన్ని తేలికగా తీసుకోవద్దు. లేవీయకాండము 15వ అధ్యాయం 19వ వచనంలో నెలసరిలో ఉన్న స్త్రీ ఏడు రోజులు కడగా, అంటే విడిగా, ఉండాలని స్పష్టంగా ఉంది. 31వ వచనం కారణం కూడా చెబుతుంది: తమ మధ్యనున్న దేవుని నివాసస్థలాన్ని అపవిత్రం చేసి జనం చావకుండా ఉండాలని.

యాజకులైన నాదాబు, అబీహు దేవుడు ఆజ్ఞాపించని వేరొక అగ్ని తెచ్చారు, కాలిపోయారు. అది పాత నిబంధన అంటారా? దేవునితో అబద్ధమాడిన అననీయ, సప్పీరా కొత్త నిబంధనలోనే పడి చనిపోయారు. "మన దేవుడు దహించు అగ్ని" అని హెబ్రీ పత్రిక రాసింది క్రైస్తవులకే. ఈ రోజుల్లో ఆరాధన మధ్యలో ఫోను చూసుకుంటారు, ప్రార్థన జరుగుతుండగా లేచి తిరుగుతారు. భయం పోయిన సంఘంలో మిగిలేది సందడి మాత్రమే. ఒక నెల సంస్కారం ఆగితే ఆ అమ్మాయికి నష్టమేమీ లేదు. దేవుని పట్ల గౌరవంతో ఆగడం మంచిదే కదా అని నా అభిప్రాయం.

ఒలీవకొమ్మ

పాతపాటగారూ, లేవీయకాండము 15 తీశారు కాబట్టి మొత్తం అధ్యాయం చదువుదాం. నేను సండే స్కూలులో చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాను, ఈ అధ్యాయాన్ని పెద్దలు 19వ వచనం దగ్గర మొదలుపెట్టడమే ఎక్కువగా చూశాను. అది మొదలయ్యేది మగవాళ్లతో. మొదటి 15 వచనాలు పురుషుని శరీరస్రావం గురించి. 16 నుంచి 18 వరకు వీర్యస్ఖలనం గురించి, దాంపత్యం గురించి; ఆ పురుషుడు, అతనితో ఉన్న భార్య నీళ్లతో స్నానం చేసి సాయంకాలం వరకు అపవిత్రులై ఉండాలి. ఇప్పుడు చెప్పండి, ఏ సంఘంలోనైనా సంస్కారపు బల్ల దగ్గర ఏ మగవాడి మోచెయ్యినైనా ఎవరైనా పట్టుకుని వెనక్కి లాగారా? అధ్యాయాన్ని పాటిస్తే పూర్తిగా పాటించాలి. సగం తీసి స్త్రీల మీద మాత్రమే పెడితే అది మోషే ధర్మశాస్త్రం కాదు, మన ఊళ్లలో ముందునుంచీ ఉన్న మైల. దాన్ని మనం గుడిలోకి తెచ్చి దానికి బైబిలు వచనం తగిలించాం.

ఇంకో సంగతి. ఆ అధ్యాయంలో అపవిత్రత పాపం కాదు. బిడ్డను కన్న తల్లి అపవిత్రురాలు, తండ్రి శవాన్ని పూడ్చిన కొడుకు అపవిత్రుడు. వాళ్లు చేసింది తప్పు కాదు, చేయవలసిన పనే. రక్తం, మరణం, పుట్టుక, ఇలా ప్రాణం రాకపోకలు జరిగేచోట మనిషి కాసేపు ఆగి, కడుక్కుని దేవుని గుడారం దగ్గరికి రావాలి. ఆ ఏర్పాటు అది. "దేవుడు నా ప్రార్థన వినడా?" అనే ప్రశ్నకు అక్కడ చోటే లేదు. ఆ ఏడు రోజులు ప్రార్థన చేయకూడదని ఆ అధ్యాయంలో ఎక్కడా రాయలేదు.

ఇక అసలు విషయం. హగ్గయి 2వ అధ్యాయంలో ప్రవక్త యాజకులను రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఒకడు ప్రతిష్ఠితమైన మాంసాన్ని బట్ట చెంగులో పెట్టుకుని, ఆ చెంగుతో రొట్టెనో నూనెనో ముట్టుకుంటే అవి ప్రతిష్ఠితమవుతాయా? కావు అన్నారు. శవాన్ని ముట్టుకున్నవాడు వాటిని ముట్టుకుంటే అవి అపవిత్రమవుతాయా? అవుతాయి అన్నారు. అంటే అపవిత్రత అంటుకుంటుంది, పరిశుద్ధత ఆ విధంగా అంటుకోదు. ఇశ్రాయేలు అంతా ఈ లెక్క మీదే బతికింది.

ఇప్పుడు మార్కు 5 చదవండి. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ జనంలోకి వచ్చి వెనకనుంచి యేసు వస్త్రం ముట్టుకుంది. హగ్గయి నాటి యాజకుల లెక్క ప్రకారం ఆయన ఆ సాయంకాలం వరకు అపవిత్రుడు కావాలి. జరిగింది తలకిందులు. ఆమె అపవిత్రత ఆయనకు అంటలేదు, ఆయనలోనుంచి ప్రభావం ఆమెలోకి వెళ్లింది, రక్తధార కట్టింది. ఆమె వణుకుతూ వచ్చి సాగిలపడితే ఆయన మందలించలేదు. "కుమారీ" అని పిలిచాడు. సువార్తల్లో ఒక స్త్రీని యేసు అలా పిలిచిన చోటు ఇదొక్కటే. అంతకు ముందు, ఒకటవ అధ్యాయంలో, కుష్ఠరోగిని మాటతో బాగుచేయగలిగి కూడా చెయ్యి చాపి ముట్టుకున్నాడు.

దేవుని పరిశుద్ధత యేసులో తగ్గిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. యేసులోనే అది పూర్తిగా కనిపించింది. అపవిత్రతను చూసి దూరం జరిగే పరిశుద్ధత కంటే, దాన్ని ముట్టుకుని శుద్ధి చేసేదే గొప్పది. చెల్లెలికి ఈ అధ్యాయం చదివి వినిపించండి.

గుణదల

నేను కతోలిక సంఘానికి చెందినవాడిని. మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఈ ప్రశ్న కోనసీమలో పుట్టింది కాదని చెప్పడానికే రాస్తున్నాను.

మూడవ శతాబ్దంలోనే సంఘం దీని మీద రెండుగా ఉండేది. అలెగ్జాండ్రియా బిషప్పు డయొనీసియస్ నెలసరి రోజుల్లో స్త్రీలు బల్ల దగ్గరికి రాకూడదని రాశారు. అదే శతాబ్దంలో సిరియా ప్రాంతంలో రాసిన ఒక సంఘక్రమ గ్రంథం దీనికి పూర్తిగా ఎదురు చెప్పింది: బాప్తిస్మంలో పొందిన పరిశుద్ధాత్మ మీలో ఎప్పుడూ ఉన్నాడు, ఆ ఏడు రోజులు మిమ్మల్ని విడిచి వెళ్లిపోతాడని అనుకుంటున్నారా అని స్త్రీలనే నిలదీసింది.

తరువాత ఇంగ్లండుకు పంపిన మిషనరీ అగస్టీను ఇదే సంగతి రోముకు రాసి అడిగితే, పోపు గ్రెగొరీ 601లో జవాబిచ్చారు. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన ఆంగ్ల సంఘచరిత్రలో ఆ జవాబు ఉంది. నెలసరి రోజుల్లో స్త్రీని దేవాలయానికి రాకుండా ఆపకూడదు, దివ్యసత్ప్రసాదం, అంటే సంస్కారం, తీసుకోవడానికీ అడ్డు చెప్పకూడదు అన్నారు. ఒలీవకొమ్మగారు చెప్పిన ఆ రక్తస్రావ స్త్రీనే ఆయన సాక్ష్యంగా చూపారు. ప్రకృతివల్ల కలిగేది ఆమె తప్పు కాదు అన్నారు. అదే జవాబులో పాతపాటగారికి నచ్చే మాట కూడా ఉంది: గౌరవంతో ఆమె తానుగా ఆగితే అది మెచ్చదగినదే. అయితే ఆగాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పక్క బెంచీవారి ఇష్టం కాదు.

పాతపాట

మగవాళ్ల వచనాల గురించి అక్కగారు చెప్పింది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. ఉజ్జా ఏం తప్పు చేశాడు? ఎడ్లు తొట్రిల్లాయి, మందసం పడిపోతుందేమోనని పట్టుకున్నాడు. మంచి ఉద్దేశమే. అయినా చచ్చాడు. పరిశుద్ధత ముట్టుకుని శుద్ధి చేస్తుందంటే మరి ఇతణ్ణి ఎందుకు చేయలేదు? ప్రేమ, ప్రేమ అంటూ ఈ వచనాలను దాటేస్తే మనం ఒక్క సగాన్నే చదివినట్టు.

కంచుగంట

పాతపాటగారి ప్రశ్నను దాటేయకూడదు. నేను గుంటూరు లూథరన్ సంఘంలో పెరిగినవాణ్ణి, బడిపంతులుగా పనిచేసి విరమించాను. నాకు అర్థమైనంతవరకు రాస్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది.

మందసానికి నాలుగు ఉంగరాలు, వాటిలో మోతకర్రలు ఉంటాయి. ఆ కర్రలను తీయకూడదని నిర్గమకాండము 25లో ఉంది. లేవీ గోత్రంలోని కహాతీయులు భుజాల మీద మోయాలి, పరిశుద్ధమైనదాన్ని ముట్టకూడదని సంఖ్యాకాండము 4, 7 అధ్యాయాల్లో ఉంది. మరి మందసాన్ని యెరూషలేముకు తెచ్చేటప్పుడు దావీదు రాజు ఏం చేశాడు? కొత్త బండి చేయించాడు. ఆ ఆలోచన ఎవరిది? ఇశ్రాయేలు శత్రువులైన ఫిలిష్తీయులది. మందసాన్ని వదిలించుకోవడానికి వాళ్లే మొదట కొత్త బండి మీద ఎక్కించి పంపారు. అంటే తప్పు నాకోను కళ్లం దగ్గర ఎడ్లు జారినప్పుడు మొదలవలేదు, బయలుదేరిన రోజే మొదలైంది. వాక్యాన్ని పక్కనపెట్టి, ముప్పై వేలమందిని పోగుచేసి, వాద్యాలతో ఊరేగింపు చేశారు. దావీదే తరువాత ఒప్పుకున్నాడు: మనం దేవుని యొద్ద విధి ప్రకారం విచారణ చేయలేదు అని 1 దినవృత్తాంతములు 15లో ఉంది. కాబట్టి ఉజ్జా కథ చివరికి ఎవరిని హెచ్చరిస్తోంది? నెలసరిలో ఉన్న అమ్మాయిని కాదు. దేవుని పేరు మీద పెద్ద సభలు పెట్టి, ఆయన చెప్పింది మాత్రం చదవని నాయకులను.

ఆ అధ్యాయంలోనే ఇంకో ఇల్లు ఉంది, ప్రసంగాల్లో దాన్ని వదిలేస్తారు. భయపడిన దావీదు మందసాన్ని గిత్తీయుడైన ఓబేదెదోము ఇంట్లో దించేశాడు. అది అక్కడ మూడు నెలలు ఉంది. ఉజ్జాను చంపిన ఆ మందసమే ఆ ఇంటినంతటినీ ఆశీర్వదించింది. ఆ ఇంట్లో ఆడవాళ్లు లేరా? మూడు నెలల్లో ఎవరికీ నెలసరి రాలేదా? దేవుడు ఆ ఇంట్లో ఎవరినీ మొత్తలేదు.

యెషయా 6వ అధ్యాయం ఇదే సంగతిని ఇంకా లోతుగా చూపిస్తుంది. "రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున" అని మొదలవుతుంది. అది కేవలం తేదీ అని చాలామంది అనుకుంటారు. ఉజ్జియా 52 ఏళ్లు ఏలాడు, బలవంతుడయ్యాడు, మనసు గర్వించింది. ధూపం వేయడానికి తానే మందిరంలోకి వెళ్లాడు. యాజకుడైన అజర్యా 80 మందితో వెళ్లి అడ్డుకుంటే ధూపార్తి చేతపట్టుకుని వాళ్ల మీద మండిపడ్డాడు. ధూపపీఠం పక్కనే నుదుట కుష్ఠు పొంగింది. చచ్చేవరకు ప్రత్యేకమైన ఇంట్లో బతికాడు, మందిరంలోకి మళ్లీ రాలేదు. కుష్ఠరోగి పైపెదవి కప్పుకుని "అపవిత్రుడను, అపవిత్రుడను" అని బిగ్గరగా చెప్పాలన్నది ధర్మశాస్త్రం.

ఆ రాజు చనిపోయిన ఏడాది యెషయా అదే మందిరాన్ని దర్శనంలో చూశాడు. సెరాపులనే దేవదూతలు ముఖాలు కప్పుకుని పరిశుద్ధుడు అని మూడుసార్లు ఒకరితో ఒకరు గొంతెత్తి పలుకుతున్నారు. గడప కమ్ముల పునాదులు కదిలాయి, మందిరం పొగతో నిండింది. అప్పుడు ప్రవక్త నోట వచ్చిన మాట ఏమిటి? "నేను అపవిత్రమైన పెదవులు గలవాడను." రాజుకు కుష్ఠు నుదుటి మీద వచ్చింది. ప్రవక్త తన రోగం పెదవుల మీద ఉందని చూసుకున్నాడు. ఇద్దరూ అపవిత్రులే. రాజు తన గొప్పతనంతో పీఠం దగ్గరికి నడిచాడు, దాని పక్కనే దెబ్బతిన్నాడు. నేను నశించితిని అన్న ప్రవక్త దగ్గరికి పీఠం మీది నిప్పే ఎగిరి వచ్చింది. అతని పెదవులను తాకింది, అతని పాపం పోయింది. వెంటనే "నేను ఎవని పంపెదను?" అన్న స్వరం వినిపించింది.

పాతపాటగారూ, భయం వద్దని నేను అనను. మార్టిన్ లూథర్ 1507లో ఎర్ఫర్టులో మొదటిసారి దివ్యపూజ జరిపిస్తూ వణికిపోయారు. ధూళిని, బూడిదను అయిన నేను జీవముగల దేవునితో మాట్లాడటమా అని బల్ల దగ్గరినుంచి పారిపోదామనుకున్నంత పనైంది. అంత భయపడిన మనిషే తరువాత, కృపవల్ల ధైర్యంగా రావచ్చని లోకానికంతటికీ చెప్పాడు. భయం తెలియనివాడు చెప్పివుంటే ఆ మాటకు అంత బరువు ఉండేది కాదు.

హ్యూస్టన్ తెలుగు

కంచుగంటగారికి ధన్యవాదాలు. మా సమస్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ పుట్టిన మా పిల్లలకు దేవుడంటే స్నేహితుడు మాత్రమే. కాఫీ కప్పు పట్టుకుని ఆరాధనలో కూర్చుంటారు. పరిశుద్ధత అంటే వాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. గద్దిస్తే మొత్తానికే రావడం మానేస్తారేమో.

ఒలీవకొమ్మ

లూకా 5వ అధ్యాయం చదివించండి అన్నా. రాత్రంతా వల వేసి ఏమీ దొరకని పేతురుకు, పడవలు మునిగేటంత చేపలు పడ్డాయి. మామూలుగా అయితే సంతోషంతో గంతులు వేయాలి. అతడు యేసు మోకాళ్ల ఎదుట సాగిలపడి "ప్రభువా, నన్ను విడిచి పొమ్ము, నేను పాపాత్ముడను" అన్నాడు. ఎవరూ గద్దించలేదు, ఎవరూ భయపెట్టలేదు. మేలు చేసినవాడు ఎవరో అర్థమైంది, అంతే. కప్పు గురించి మాట్లాడవద్దు, దాన్ని వాళ్లంతట వాళ్లే కింద పెడతారు. పేతురు ఎందుకు అలా అన్నాడని అడిగి, వాళ్లనే జవాబు వెతకనివ్వండి.

మేస్త్రీ బాపట్ల

వందనాలు. నేను పెద్దగా చదువుకోలేదు, ఇళ్లు కట్టే మేస్త్రీని. ఇక్కడ అందరూ లేవీయకాండము 15 గురించి మాట్లాడారు. నాలుగు అధ్యాయాలు తిప్పి 19కి వస్తే నాకు తెలిసిన సంగతులు ఉన్నాయి.

"మీరు పరిశుద్ధులై యుండవలెను, మీ దేవుడనైన యెహోవానగు నేను పరిశుద్ధుడనై యున్నాను" అని రెండో వచనం. ఆ తరువాత స్నానాలు, ముట్లు వస్తాయేమో అనుకుంటాం. వచ్చేవి ఏమిటో చూడండి. పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయవద్దు, పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టు. దొంగిలించవద్దు. కూలివాని కూలి మరునాటివరకు నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టవద్దు, గుడ్డివాడి ముందు అడ్డం వేయవద్దు. గొప్పవాడి ముఖం చూసి తీర్పు చెప్పవద్దు. చివర్లో తక్కెడ, రాళ్లు, పడి కూడా న్యాయంగా ఉండాలి. నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమించు అనే మాట కూడా ఈ అధ్యాయంలోదే. దేవుని పరిశుద్ధత పొలం గట్టు మీద, కొట్టులో తక్కెడ దగ్గర, కూలి ఇచ్చే చేతిలో కనబడాలని రాశారు.

నా పనిలో ఇది రోజూ చూసేదే. శ్లాబు వేసే రోజు అంటే తెల్లవారుజామున అడ్డా దగ్గర మనుషులను పోగుచేస్తాం. మిక్సరు మొదలైతే ఆగదు, కాంక్రీటు గట్టిపడకముందే పోయాలి. ఆడవాళ్లు తట్టలు అందించుకుంటూ ఒకరి చేతిలోనుంచి ఒకరికి పైకి పంపుతారు. సిమెంటు నీళ్లకు చేతివేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. వాళ్లలో ఎవరికి నెలసరో ఎవరూ అడగరు, ఆ రోజు సెలవూ ఉండదు. సాయంత్రం చేతులు కడుక్కుని కూలి కోసం నిలబడితే, ఒక ఇంటి యజమాని "రేపు రండి, చిల్లర లేదు" అన్నాడు. ఆయన సంఘపెద్ద. ఆదివారం సంస్కారపు పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేది ఆయనే. ఆ వారం నా దగ్గరున్నది నేను సర్దాను. ఆయన ఇచ్చేసరికి నెల గడిచింది.

"మీ చేలు కోసినవారికియ్యక మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని యాకోబు పత్రికలో ఉంది. ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో చొచ్చిందట. యెషయా దర్శనంలో సెరాపులు పలికిన పేరు కూడా అదే కదా. బల్ల దగ్గర ఒక మోచెయ్యి పట్టుకోవలసి వస్తే ఎవరిది పట్టుకోవాలో మీరే చూసుకోండి.

మా తాతలు చెప్పుకునే సంగతి ఒకటి. ధాత కరువులో, 1876 నుంచి 78 వరకు, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారు. తిండి కోసం మతంలోకి వస్తున్నారనే మాట రాకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. జనం ఆ లెక్కను ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం పని ముందు చూపించి, బాప్తిస్మాన్ని ఆపిన ఆ క్రమమే ఎక్కువ గుర్తుంటుంది. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊళ్లో బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులు. వాళ్లు ముట్టుకుంటే మైల అన్న ఊరి మధ్యలో, వాళ్లే దేవుని పరిశుద్ధ జనం అని వాక్యం చెప్పింది. ఆ వాక్యంతో బతికినవాళ్ల మనవరాలిని ఈ రోజు మనమే మైల అంటే ఎలా?

గోదారిగట్టు

మేస్త్రీగారూ, మీ మాట మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా నాన్నగారు మళ్లీ చదవమన్నారు.

మార్కు 5 చెల్లెలు తానే చదువుకుంది. దానికి ఇంకో సందేహం వచ్చింది. అయోగ్యంగా తింటే శిక్షావిధి అని 1 కొరింథీయులు 11లో ఉంది కదా, ఆ పెద్దావిడ చెప్పింది అదేనేమో అంటోంది.

ఒలీవకొమ్మ

అమ్మా, ఆ అధ్యాయంలో అయోగ్యత ఏమిటో పౌలు ముందే చెప్పాడు. 20వ వచనం నుంచి చదవమనండి. కొరింథులో ఉన్నవాళ్లు ముందే కూర్చుని తిని తాగి మత్తులయ్యేవారు. ఆలస్యంగా వచ్చే బీదవాళ్లు ఆకలితో మిగిలిపోయేవారు. "లేనివారిని సిగ్గుపరచుదురా?" అని ఆయన మండిపడ్డది దాని మీద. శరీరధర్మం ఊసే అక్కడ లేదు. తనను తాను పరీక్షించుకోమన్నాడు, పక్కవాళ్లను పరీక్షించమనలేదు. ఆ వచనం ఎలా ముగుస్తుందో కూడా చూడండి: "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకున్నాక చేయవలసింది తినడం.

గుణదల

మా సంఘంలో పరిశుద్ధత అంటే సన్యాసులకు, మఠకన్యలకు సంబంధించిన విషయమని చాలాకాలం అనుకునేవారు. 1964లో రెండవ వాటికన్ మహాసభ, పరిశుద్ధతకు పిలుపు గృహస్థులతో సహా క్రైస్తవులందరికీ ఉందని స్పష్టంగా ప్రకటించింది. మేస్త్రీగారి మాట చదివాక అది గుర్తుకొచ్చింది.

గోదారిగట్టు

పాస్టరమ్మగారితో మాట్లాడాను. వచ్చే నెల స్త్రీల కూడికలో దీని మీద వాక్యపరిశీలన పెడదామన్నారు. ఏ భాగాలు తీసుకోవాలి? ఆ పెద్దావిడ కూడా వస్తారు. ఆవిడను చిన్నబుచ్చినట్టు కాకూడదు.

ఒలీవకొమ్మ

మంచి నిర్ణయం. లేవీయకాండము 15 మొదటి వచనం నుంచి మొదలుపెట్టండి, మధ్యనుంచి వద్దు. తరువాత హగ్గయి 2, మార్కు 5, హెబ్రీ 10లో 19 నుంచి 22. వాటి తరువాత లేవీయకాండము 19కి రండి, లేకపోతే అది ఆడవాళ్ల విషయంగానే ఆగిపోతుంది. పాస్టరుగారు అదే భాగాన్ని మగవాళ్లకు కూడా చెబితే మేలు.

కూడికకు ముందే మీరు, చెల్లెలు కలిసి ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి రండి. వాదించడానికి కాదు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఎన్ని నెలలు బల్ల దగ్గరికి రాకుండా ఆగిపోయారో, ఆవిడను ఎవరు ఆపారో అడగండి. ఆవిడ తనకు నేర్పిందే మీ చెల్లెలికి నేర్పారు. మార్కు 5 చదివే పని కూడికలో ఆవిడకే ఇవ్వమని పాస్టరమ్మగారికి చెప్పండి.

పాతపాట

అపొస్తలుల కార్యములు 10 కూడా చేర్చండమ్మా. ఏ మనిషినీ నిషేధింపదగినవాడని, అపవిత్రుడని చెప్పకూడదని దేవుడు పేతురుకు చూపించిన చోటు అది. 28వ వచనం. ఈ సంగతి మా సంఘ కమిటీలో నేను కూడా లేవనెత్తుతాను, కూలి సంగతితో కలిపి.

కంచుగంటగారూ, బండి సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే ఆ బండి చేయించింది దావీదు, చచ్చింది ఉజ్జా. ఆ న్యాయం నాకు ఇంకా అర్థం కాలేదు. దాన్ని వేరే చర్చగా మొదలుపెడుతున్నాను, మీరు రావాలి.